అమ్మకి, నాన్నకి ఇద్దరికీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్, మరి బ్లడ్ థిన్నర్ అమ్మకే ఎందుకు? ఆడవాళ్ళకి నిజంగా రిస్క్ ఎక్కువా?

మీరు చాలా వివరంగా రాశారు, తర్వాత వచ్చి చదివేవాళ్ళ కోసం ముందు దాన్ని కుదించి చెప్తా. నాన్నగారికి 70 ఏళ్ళు, రెండేళ్ళ కింద కంటి ఆపరేషన్ ముందు తీసిన ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు, పొట్టిగా ఏఎఫ్) బయటపడింది, బీపీ షుగర్ ఏమీ లేవు, గుండె వేగం తగ్గే ట్యాబ్లెట్ ఒక్కటే రాశారు, ఆయన హాయిగా తిరుగుతున్నారు. అమ్మగారికి 67, పదేళ్ళుగా బీపీ ఉంది, బరువు 52 కేజీలు, నాలుగు నెలలు ఆయాసం నీరసం అని తిరిగీ తిరిగీ పోయిన నెల అదే జబ్బు అని తేలింది, ఎపిక్సబాన్ అనే బ్లడ్ థిన్నర్ (రక్తం గడ్డ కట్టకుండా ఆపే మందు) 2.5 మిల్లీగ్రాములు రోజుకి రెండు సార్లు రాశారు. పక్షవాతం రిస్క్ లెక్కేసే స్కోర్ ఒకటుంది, దాని గురించి మొదటి డాక్టర్ "ఆడవాళ్ళు కాబట్టి ఒక పాయింట్ ఎక్కువ, స్కోర్ 3" అన్నారు, రెండో డాక్టర్ "ఆ పాయింట్ ఇప్పుడు తీసేశారు" అన్నారు. అంటే అమ్మకి అసలు బ్లడ్ థిన్నర్ అక్కర్లేదా అని మీ డౌట్.

సూటిగా చెప్పాలంటే, అక్కర ఉంది. పాయింట్ ఉన్నా తీసేసినా అమ్మగారికి బ్లడ్ థిన్నర్ కావాల్సిందే. ఇక ఆడవాళ్ళకి రిస్క్ ఎక్కువా అంటే, ఈ జబ్బు వచ్చేది మగవాళ్ళకే కొంచెం ఎక్కువ, కానీ వచ్చాక ఎక్కువ నష్టపోయేది ఆడవాళ్ళు. అందులో కొంత శరీరం వల్ల, కొంత వయసు వల్ల, చాలా భాగం మాత్రం జబ్బుని లేటుగా పట్టుకోవడం వల్ల, పట్టుకున్నాక కూడా చేతులు వెనక్కి పెట్టి వైద్యం చేయడం వల్ల అని నా అభిప్రాయం. ఇంకో మాట, మీరు అడగలేదు గానీ, మీ పోస్ట్ చదివితే నాకు అమ్మగారి స్కోర్ కంటే రెండు విషయాల మీద ఎక్కువ అనుమానం వచ్చింది: అమ్మగారి డోస్, నాన్నగారికి అసలు థిన్నర్ లేకపోవడం. వాటి దగ్గరికి వస్తా.

నేను ఖమ్మంలో ఫిజీషియన్‌ని, జనరల్ మెడిసిన్, 26 ఏళ్ళ ప్రాక్టీసు. కార్డియాలజిస్టుని కాదు, కానీ మా దగ్గర గుండె దడ అని వచ్చే పేషెంటు ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత నా దగ్గరికి, ఆ తర్వాతే హైదరాబాద్ వెళ్తారు కాబట్టి ఈ జబ్బుని మొదటి రోజుల్లో చూసేది నాలాంటి వాళ్ళమే. ఇక్కడ చెప్పేది మీ డాక్టర్ మాటకి బదులు కాదు, ఆయన్ని ఏం అడగాలో తెలుసుకోవడానికి.

ముందు జబ్బు ఏంటో రెండు మాటల్లో. గుండెలో పై గదులు రెండూ లెక్క ప్రకారం ముడుచుకోకుండా గిలగిలా వణుకుతుంటాయి, దాంతో కింది గదులకి సిగ్నల్ ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే రేకుల ఇంటి మీద వాన మొదలైనప్పుడు చినుకులు పడ్డట్టు ఉంటుంది, ఒకటి గట్టిగా, రెండోది వెంటనే, మూడోది ఎప్పటికో. ఒకసారి వేలికి తెలిస్తే ఇక మర్చిపోరు. వణికే గదిలో, ముఖ్యంగా ఎడమ పై గదికి చెవిలాగా అంటుకుని ఉండే చిన్న సంచిలో, రక్తం నిలవ ఉండి గడ్డ కడుతుంది, ఆ గడ్డ జారి మెదడుకి వెళ్తే పక్షవాతం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 1948 నుంచి జనాన్ని తరాల తరబడి ఫాలో అవుతున్న స్టడీ ఉంది, ఏఎఫ్ ఉంటే పక్షవాతం రిస్క్ దాదాపు 5 రెట్లు అన్న లెక్క అక్కడి నుంచి వచ్చిందే. గుండె వేగం తగ్గే ట్యాబ్లెట్ ఈ గడ్డని ఆపదు. దడ తగ్గింది కదా, జబ్బు కంట్రోల్లో ఉంది అనుకుంటారు, ఆ రెండిటికీ సంబంధం లేదు.

ఇప్పుడు ఆడ మగ లెక్క. ఫ్రామింగ్‌హామ్ వాళ్ళే 2004లో చెప్పింది, 40 ఏళ్ళు దాటిన మనిషికి మిగిలిన జీవితంలో ఏఎఫ్ వచ్చే అవకాశం మగవాళ్ళలో నూటికి 26, ఆడవాళ్ళలో 23. ఏ వయసులో చూసినా మగవాళ్ళే ముందు, కానీ ఆడవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారు, వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు పెరుగుతుంది, కాబట్టి చివరికి దాదాపు సమానం అవుతుంది. 1998లో వాళ్ళే ఇంకో లెక్క చెప్పారు, ఏఎఫ్ వల్ల చనిపోయే అవకాశం మగవాళ్ళలో ఒకటిన్నర రెట్లు పెరిగితే ఆడవాళ్ళలో 1.9 రెట్లు పెరిగింది, అది కూడా బీపీ, షుగర్, పాత గుండె జబ్బులు లెక్కలోంచి తీసేశాక. తర్వాత 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 30 స్టడీలు, 43 లక్షల మందికి పైగా జనం లెక్క కలిపి చూస్తే, ఏఎఫ్ వల్ల పక్షవాతం రిస్క్ పెరిగే రేటు మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు అని తేలింది. హార్ట్ ఫెయిల్యూర్, మరణం విషయంలో కూడా తేడా ఉంది గానీ అంత లేదు, నూటికి పది పదిహేను ఎక్కువ.

ఇక్కడే పేపర్లవాళ్ళు, యూట్యూబ్‌వాళ్ళు తప్పుదారి పట్టిస్తారు. "రెట్టింపు" అనగానే ఏఎఫ్ ఉన్న ఆడమనిషికి ఏఎఫ్ ఉన్న మగమనిషి కంటే రెట్టింపు పక్షవాతాలు అనుకుంటారు, అది కాదు. ఆ పోలిక ఏఎఫ్ ఉన్న ఆడవాళ్ళకీ, ఏఎఫ్ లేని ఆడవాళ్ళకీ మధ్య. ఊరికే అర్థం కావడానికి ఒక లెక్క వేస్తా, ఇది స్టడీ లెక్క కాదు: ఒక ఊళ్ళో ఏఎఫ్ లేని మగవాళ్ళలో నూటికి 2 మందికి, ఆడవాళ్ళలో 1కి పక్షవాతం వస్తుందనుకోండి. ఏఎఫ్ వచ్చాక మగవాళ్ళలో అది 4 అయింది, ఆడవాళ్ళలోనూ 4 అయింది. మగవాళ్ళకి 2 రెట్లు, ఆడవాళ్ళకి 4 రెట్లు, కానీ చివరికి ఇద్దరిదీ 4 కి 4. సిగరెట్టు, మందు, ఇంకా నానా కారణాల వల్ల మగవాళ్ళు ముందే పై మెట్టు మీద ఉంటారు, ఆడవాళ్ళకి ప్రకృతి ఇచ్చిన రక్షణ ఏదైతే ఉందో అది ఈ జబ్బు వచ్చాక పోతుంది, దాన్ని అలా అర్థం చేసుకోండి.

సరే, స్కోర్ గొడవ. 2001లో వచ్చిన మొదటి స్కోర్ పేరు చాడ్స్, అందులో ఆడ మగ తేడా లేదు: హార్ట్ ఫెయిల్యూర్, బీపీ, 75 దాటిన వయసు, షుగర్ ఒక్కోదానికి ఒక పాయింట్, పాత పక్షవాతానికి రెండు. 2010లో బర్మింగ్‌హామ్‌లో ప్రొఫెసర్ లిప్ వాళ్ళు దాన్ని పెంచి చాడ్స్‌వాస్క్ అన్నారు, 75 దాటితే రెండు పాయింట్లు, 65 నుంచి 74 మధ్య అయితే ఒకటి, రక్తనాళాల జబ్బుకి ఒకటి, ఆడమనిషైతే ఒకటి. తర్వాత పదేళ్ళు వాడి చూస్తే తేలిందేంటంటే, వేరే రిస్కేమీ లేని 50 ఏళ్ళ ఆడమనిషికి ఆ పాయింట్ వల్ల పెద్ద అర్థం లేదు, అదే 65 దాటి, బీపీ కూడా ఉంటే మాత్రం ఆడమనిషి అవ్వడం రిస్క్‌ని ఇంకాస్త పెంచుతుంది. అంటే అది సొంతంగా నిలబడే రిస్క్ కాదు, పక్కన ఇంకోటి ఉంటే దానికి తోడయ్యేది. పైగా ఆ ఒక్క పాయింట్ వల్ల డాక్టర్లు కూడా కన్‌ఫ్యూజ్ అయ్యేవాళ్ళు, మగవాళ్ళకి 2 అంటే ఇవ్వాలి, ఆడవాళ్ళకి 3 అంటే ఇవ్వాలి అని రెండు గీతలు గుర్తుపెట్టుకోవాలి. అందుకే యూరప్ కార్డియాలజీ వాళ్ళు 2024 గైడ్‌లైన్స్‌లో ఆ పాయింట్ తీసేశారు, ఇప్పుడు ఇద్దరికీ ఒకటే గీత: 2 గానీ ఆపైన గానీ అయితే ఇవ్వండి, 1 అయితే ఆలోచించి ఇవ్వండి. అమెరికావాళ్ళ 2023 గైడ్‌లైన్స్‌లో మాత్రం పాత స్కోరే ఉంది. మీ ఇద్దరు డాక్టర్లూ కరెక్టే, ఒకాయన అమెరికా పుస్తకం, ఇంకొకాయన యూరప్ పుస్తకం చూసి చెప్పారు, అంతే.

అమ్మగారి లెక్క వేయండి. 67 ఏళ్ళకి ఒకటి, బీపీకి ఒకటి, పాత లెక్కలో ఆడమనిషని ఇంకొకటి. పాత లెక్కలో 3, గీత 3. కొత్త లెక్కలో 2, గీత 2. ఎటు చూసినా ఇవ్వాల్సిందే. పాయింట్ తీసేశారంటే రిస్క్ తీసేశారని కాదు. ఈ మాట ఎందుకు ఒత్తి చెప్తున్నానంటే, "కొత్త రూల్ ప్రకారం ఆడవాళ్ళకి అక్కర్లేదంట" అని మా దగ్గర ఒకావిడ నెలరోజులు ట్యాబ్లెట్ మానేసి వచ్చింది, వాట్సాప్‌లో ఎవరో పంపారట. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

నాన్నగారి లెక్క కూడా వేయండి. 70 ఏళ్ళకి ఒక పాయింట్, అంటే 1, సున్నా కాదు. ఇప్పటి గైడ్‌లైన్స్ రెండూ 1 ఉంటే "ఇచ్చే విషయం ఆలోచించండి" అనే చెప్తున్నాయి. రెండేళ్ళ కింద ఆలోచించి వద్దనుకున్నారో, అసలు ఆ మాటే రాలేదో మీ పోస్ట్‌లో లేదు, అది అడగండి. రెండేళ్ళలో బీపీ ఏమైనా మొదలైందా, షుగర్ చూశారా, ఎందుకంటే ఇంకొక్కటి కలిస్తే 2 అవుతుంది, ఏమీ కలవకపోయినా 75 నిండిన రోజు వయసు ఒక్కదానికే 2 వస్తుంది. ఆయనకి లక్షణాలేమీ లేవు కాబట్టి జబ్బు చిన్నది అనుకోకండి, లక్షణాలకీ గడ్డ కట్టడానికీ సంబంధం లేదు.

ఇక అమ్మగారి డోస్. ఎపిక్సబాన్ మామూలు డోస్ 5 మిల్లీగ్రాములు రోజుకి రెండు సార్లు. 2.5కి తగ్గించాలంటే మూడు షరతుల్లో కనీసం రెండు ఉండాలి: వయసు 80 గానీ ఆపైన గానీ, బరువు 60 కేజీలు గానీ అంతకంటే తక్కువ గానీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) 1.5 గానీ ఆపైన గానీ. అమ్మగారికి బరువు ఒక్కటే కలుస్తోంది. క్రియాటినిన్ రిపోర్ట్ మీరు పెట్టలేదు, అది 1.5 దాటి ఉంటే ఆ డాక్టర్ చేసింది కరెక్టే, లేకపోతే అది సగం డోస్. మన ఆడవాళ్ళలో 60 కేజీల లోపు వాళ్ళు ఎంతమందో, "సన్నగా ఉన్నారు, వయసైంది, ఎందుకొచ్చిన గొడవ" అని 2.5 రాసేయడం నేను చాలా చూశా. బ్లీడింగ్ అయితే డాక్టర్ మీదకి వస్తుంది, పక్షవాతం వస్తే తలరాత అంటారు, నిజం మాట్లాడుకుంటే ఆ భయమే. సగం డోస్‌తో బ్లీడింగ్ భయం ఏదో పెద్దగా పోదు, పక్షవాతం నుంచి కాపు మాత్రం తగ్గుతుంది. మీరే ట్యాబ్లెట్లు డబుల్ చేసేయకండి, క్రియాటినిన్ రిపోర్ట్ పట్టుకెళ్ళి "డోస్ ఎందుకు తగ్గించారు సార్" అని మర్యాదగా అడగండి.

ఇప్పుడు లేటుగా పట్టుకోవడం గురించి, ఎందుకంటే మీరు రాసిన "నాలుగు నెలలు తిరిగాం" అన్న ఆ ఒక్క ముక్కలోనే అసలు కథంతా ఉంది. మగవాళ్ళకి ఏఎఫ్ వస్తే చాలాసార్లు మీ నాన్నగారిలా ఏ టెస్టులోనో అనుకోకుండా బయటపడుతుంది. ఆడవాళ్ళకి లక్షణాలు ఎక్కువ ఉంటాయి, దడ, ఆయాసం, నీరసం, కళ్ళు తిరగడం, కానీ అవి చెప్పే తీరు వేరు. "డాక్టరమ్మా, ఒంట్లో సత్తువ లేదు, రెండు మెట్లెక్కితే కూర్చోవాలనిపిస్తోంది, గుండెల్లో గాబరాగా ఉంటోంది" అంటారు. దానికి మన దగ్గర మూడు రెడీమేడ్ జవాబులు: గ్యాస్, టెన్షన్, నరాల వీక్‌నెస్. కొంచెం చదువుకున్న ఇంట్లో అయితే నాలుగోది, మెనోపాజ్. బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్ ఒకటి, గ్యాస్ క్యాప్సూల్ ఒకటి, ఇంటికి.

వేరేవాళ్ళని అనడం ఎందుకు, నేనే చేశా. పదేళ్ళ పైనే అయింది, 61 ఏళ్ళ ఆవిడ, కూతురు కాపురం చెడి ఇంట్లోనే ఉందని దిగులు, నిద్ర లేదు, దడ అని మూడు సార్లు వచ్చింది. మూడు సార్లూ కూర్చోబెట్టి మాట్లాడా, ధైర్యం చెప్పా, నిద్రకి ట్యాబ్లెట్ ఇచ్చా, ఆడ డాక్టర్ని కాబట్టి నాకు బాగా అర్థమైందని అనుకున్నా కూడా. ఒక ఈసీజీ తీశా, అప్పుడు నార్మల్ వచ్చింది. వచ్చి పోయే రకం ఏఎఫ్ అయితే దడ ఉన్న టైములో తీస్తేనే దొరుకుతుంది, 24 గంటలూ ఈసీజీ రికార్డు చేసే హోల్టర్ మిషన్ పెట్టించి ఉండాల్సింది, పెట్టించలేదు. నాలుగోసారి కుడి చెయ్యి కుడి కాలు పడిపోయి వచ్చింది. అప్పుడు ఈసీజీలో ఏఎఫ్ ఉంది. ఆవిడ బతికింది, మాట మాత్రం సరిగా రాలేదు. అప్పటి నుంచి దడ అని ఎవరొచ్చినా బీపీ మిషన్ కంటే ముందు నాడి మీద వేలు పెట్టి నిమిషం పాటు లెక్కపెడతా, మిషన్ అంకె చూపిస్తుంది గానీ లయ తప్పిందో లేదో చాలా మిషన్లు చెప్పవు. దిగులు నిజమే, ఏఎఫ్ కూడా నిజమే, రెండూ ఒకే మనిషికి ఉండకూడదని రూల్ లేదు కదా.

ఇంకో సంగతి, ఆడవాళ్ళలో ఏఎఫ్ వల్ల వచ్చే పక్షవాతం సగటున తీవ్రంగా ఉంటుంది, కోలుకోవడం తక్కువ. వయసు పైబడ్డాక వస్తుంది కాబట్టి కొంత. మిగతా కొంత మాత్రం, ఆవిడ పడిపోతే ఇంట్లో ఫిజియోథెరపీ చేయించేదెవరు, టైముకి ట్యాబ్లెట్ ఇచ్చేదెవరు. ఆయన పడిపోతే ఆవిడ చేస్తుంది. ఇది ఏ జర్నల్‌లోనో చదివి చెప్తున్నది కాదు, మా ఓపీలో కళ్ళారా చూస్తున్నది.

అమ్మగారికి ఎకో (గుండె స్కానింగ్) తీశారా? ఇది చాలా ముఖ్యం, నిజానికి స్కోర్ లెక్కకంటే ముందు అడగాల్సిన ప్రశ్న. అమెరికా, యూరప్ పుస్తకాల్లో ఏఎఫ్ అంటే వయసుమళ్ళిన వాళ్ళ జబ్బు. మన దగ్గర ఇంకో రకం ఉంది, చిన్నప్పుడు గొంతు నొప్పి, ఆ తర్వాత కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె వాల్వు పాడై, ముప్ఫై నలభై ఏళ్ళకే మైట్రల్ వాల్వు సన్నబడి ఏఎఫ్ వస్తుంది, ఇది ఆడవాళ్ళలోనే చాలా ఎక్కువ. ఆ వాల్వు ఓ మోస్తరుగా అయినా సన్నబడి ఉంటే స్కోర్‌తో పనే లేదు, వయసు 25 అయినా బ్లడ్ థిన్నర్ కావాలి, అది కూడా ఎపిక్సబాన్ లాంటి కొత్త మందులు కాదు, పాత వార్ఫరిన్ గానీ దాని చెల్లెలు అసిట్రోమ్ గానీ. దీని మీద 2022లో ఇన్విక్టస్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది, 24 దేశాలు, నాలుగున్నర వేల మంది, ఢిల్లీ ఎయిమ్స్ నుంచి డాక్టర్ గణేశన్ కార్తికేయన్ నడిపించిన వాళ్ళలో ఒకరు. పేషెంట్ల సగటు వయసు 50, నూటికి 72 మంది ఆడవాళ్ళు. కొత్త మందు రివరాక్సబాన్ పాత మందుకి తీసిపోదనుకుని మొదలుపెట్టారు, పాత మందు వేసుకున్నవాళ్ళలోనే మరణాలు తక్కువ వచ్చాయి. "నెలనెలా ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే) టెస్ట్ గోల లేదు, కొత్త మందుకి మార్చేయండి" అని అడిగే వాల్వు పేషెంట్లకి నేను ఈ ట్రయల్ గురించే చెప్తా.

ఈ రకంలో ఆడవాళ్ళకి వచ్చే ఇంకో చిక్కు గర్భం. వార్ఫరిన్ మొదటి మూడు నెలల్లో, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకి అవకరాలు తేగలదు, కొత్త మందులు గర్భంలో వాడకూడదు, అలాగని మానేస్తే తల్లికి ప్రాణం మీదకి వస్తుంది. మా దగ్గరికి 29 ఏళ్ళ అమ్మాయి వచ్చింది, రెండో నెల దాటాక, అప్పటిదాకా అత్తగారింట్లో గుండె జబ్బు ఉందని చెప్పలేదు, అసిట్రోమ్ దాచుకుని వేసుకునేది. అలాంటి కేసు హెపారిన్ ఇంజెక్షన్లకి మార్చి, కార్డియాలజిస్ట్, గైనకాలజిస్ట్ ఇద్దరూ కలిసి చూడాలి. పెళ్ళికి ముందే, పిల్లల కోసం ప్లాన్ చేయక ముందే ఈ మాట డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. బెలూన్‌తో వాల్వు తెరిచే పని కూడా ముందే చేయించుకోవచ్చు, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. నెలసరి వచ్చే వయసులో బ్లడ్ థిన్నర్ వేసుకునేవాళ్ళకి బ్లీడింగ్ ఎక్కువవుతుంది, అది ఎవరూ ముందు చెప్పరు, భయపడి మందు మానేస్తారు. మానకండి, చెప్పండి, దానికి వేరే దారులున్నాయి.

మందుల విషయంలో కూడా ఆడ మగ తేడా ఉంది. ఈసీజీలో క్యూటీ అని ఒక గ్యాప్ కొలుస్తాం, అది యుక్తవయసు నుంచి ఆడవాళ్ళలో కొంచెం పొడవు, మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ వచ్చాక పొట్టిదవుతుంది. కొన్ని మందులు ఆ గ్యాప్‌ని ఇంకా సాగదీస్తాయి, బాగా సాగితే టోర్సాడ్స్ అనే ప్రమాదకరమైన లయ వస్తుంది, మందుల వల్ల వచ్చే ఆ కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్ళే. ఏఎఫ్‌కి వాడే సోటలాల్ ఆ లిస్టులో ఉంది, ఆశ్చర్యం ఏంటంటే గ్యాస్ క్యాప్సూల్లో పాంటాప్రజోల్‌తో కలిపి వచ్చే డోంపెరిడోన్, దగ్గుకి ఇచ్చే అజిత్రోమైసిన్, ఫంగస్‌కి వాడే ఫ్లూకొనజోల్ కూడా ఉన్నాయి. ఒక్కొక్కటి విడిగా అయితే మామూలు మనిషికి పెద్ద భయం లేదు, సోటలాల్ గానీ ఎమియోడరోన్ గానీ వేసుకునే ఆవిడకి విరేచనాలై పొటాషియం తగ్గి ఉన్నప్పుడు మెడికల్ షాపులో ఇవన్నీ కలిపి కవర్లో పోసి ఇస్తే అప్పుడు భయం. గుండె వేగం తగ్గించడానికి వాడే డిగాక్సిన్ ఇంకోటి. గుండె బలహీనపడ్డ వాళ్ళ మీద చేసిన పాత ట్రయల్‌ని 2002లో ఆడ మగ విడదీసి చూస్తే, డిగాక్సిన్ వేసుకున్న ఆడవాళ్ళలో నూటికి 33 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్ళలో 29. మగవాళ్ళలో ఆ తేడా లేదు. అవి హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల లెక్కలు, ఏఎఫ్‌కి నేరుగా అంటించలేం, కానీ అప్పటి నుంచి సన్నటి ఆడవాళ్ళకి డిగాక్సిన్ రాస్తే నేను సగం మాత్రతోనే మొదలుపెడతా, కిడ్నీ చూసి.

అబ్లేషన్ గురించి కూడా ఒక మాట. తొడ పైన గజ్జల దగ్గర్నుంచి వైర్ పంపి గుండెలో తప్పు సిగ్నల్ వచ్చే చోటుని కాల్చడం అన్నమాట. ఆడవాళ్ళని దానికి పంపడం తక్కువ, పంపినా జబ్బు ముదిరాక పంపుతారు, అందుకని తిరగబెట్టడం ఎక్కువ, బ్లీడింగ్ లాంటి కాంప్లికేషన్స్ కూడా కొంచెం ఎక్కువ. అమ్మగారికి ట్యాబ్లెట్లతో దడ తగ్గకపోతే "ఈ వయసులో ఎందుకులే" అని మీరే తీసేయకుండా ఒకసారి ఎలక్ట్రోఫిజియాలజిస్ట్‌ని కలవండి, మామూలు కార్డియాలజిస్ట్ కాదు, లయ జబ్బులు మాత్రమే చూసేవాళ్ళు, హైదరాబాద్‌లో ఉన్నారు.

మగవాళ్ళ పక్కన కూడా రెండు మాటలు. ఏఎఫ్ వాళ్ళకి ముందు రావడానికి పొడుగు, పెద్ద గుండె గది లాంటివి కొంత కారణం, మందు తాగడం, గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగడం ఇంకొంత. నాన్నగారు గురక పెడతారా? స్లీప్ టెస్ట్ చేయించండి.

ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని, వరస లేకుండా చెప్తా. అమ్మగారు మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫినాక్ లాంటివి తెప్పించుకుని వేసుకుంటున్నారేమో చూడండి, థిన్నర్‌తో కలిస్తే కడుపులో బ్లీడింగ్, పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. "బ్లడ్ థిన్నర్ బదులు ఆస్పిరిన్ ఇవ్వండి, తేలిగ్గా ఉంటుంది" అని ఎవరైనా అంటే వినకండి, ఏఎఫ్ గడ్డకి ఆస్పిరిన్ సరిపోదు, బ్లీడింగ్ మాత్రం అవుతుంది. కార్తీక మాసం ఉపవాసాలు ఉంటారా? ఎపిక్సబాన్ పరగడుపున వేసుకున్నా పర్లేదు, రివరాక్సబాన్ పెద్ద డోసులు మాత్రం అన్నంతోనే వేసుకోవాలి, లేకపోతే సరిగా ఒంటికి పట్టదు, ఉపవాసం రోజు మందు వేసుకున్నా వేసుకోనట్టే. అసిట్రోమ్ వాడేవాళ్ళు గోంగూర, తోటకూర, మునగాకు మానేయక్కర్లేదు, వారం వారం ఒకేలా తినాలి, ఒక వారం రోజూ పప్పులో వేసి ఇంకో వారం ముట్టుకోకపోతే ఐఎన్‌ఆర్ గాడి తప్పుతుంది. పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా మందు మీరే ఆపేయకండి, చాలా చిన్న పనులకి ఆపక్కర్లేదు.

అమ్మగారి క్రియాటినిన్, ఎకో రిపోర్ట్, థైరాయిడ్ టెస్ట్ (అది కూడా చేయించండి, థైరాయిడ్ ఎక్కువై ఏఎఫ్ రావడం ఉంది, థైరాయిడ్ జబ్బు ఆడవాళ్ళలోనే ఎక్కువ) ఉంటే పేరు, ఫోన్ నంబరు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా. ఎకోలో "ఎంఎస్" (మైట్రల్ వాల్వు సన్నబడడం) అని రాసి ఉంటే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా రేపే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మందే మార్చాల్సి రావచ్చు.